ఎక్కాల గేమ్‌లో మూడు స్టార్లు, యూనిట్ టెస్టులో ఆరు మార్కులు

పోయిన నెల ఈ శీర్షికలో సెలవుల్లో పిల్లలూ సెల్‌ఫోనూ అన్న ఉత్తరానికి జవాబు రాస్తూ, చివర్లో ఒక మాట అన్నాను. చదువు చెప్పే వీడియో గేములు కూడా ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి అని. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాని గురించే. నన్ను తిట్టినవాళ్లున్నారు, ఏ గేమ్ కొనాలో పేరు చెప్పి పుణ్యం కట్టుకోమన్నవాళ్లున్నారు. అన్నిటికీ రాయడం కుదరదు కాబట్టి కొన్ని ఏరాను. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, కంప్యూటర్ మనిషిని కాదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మాస్టారూ, మా బాబు నాలుగో తరగతి. రోజూ సాయంత్రం ముప్పావుగంట ఒక ఎక్కాల గేమ్ ఆడతాడు. కారు రేసు, మధ్యమధ్యలో గుణకారాలు అడుగుతుంది. ప్రతి లెవెల్లో మూడు స్టార్లు, నేనూ మురిసిపోయాను. తీరా యూనిట్ టెస్టులో ఎక్కాలకు ఇరవైకి ఆరు వచ్చాయి. ఏడో ఎక్కం అడిగితే వేళ్లు లెక్కపెడుతున్నాడని టీచర్ అన్నారు. మోసం గేమ్‌దా, మావాడిదా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. మీవాడు ఆ గేమ్ నిజంగానే బాగా ఆడుతున్నాడు. కాకపోతే అది గెలవడానికి ఎక్కాలు అక్కర్లేదు.

మీ ఉత్తరం చదివాక మా పక్కింటి పిల్లాడి దగ్గర కూర్చున్నాను, వాడూ ఇలాంటిదే ఆడతాడు. కారు ఆగింది. 7 × 8 ఎంత అని పైన, కింద నాలుగు జవాబులు, 54, 63, 48, 56. వాడి వేలు పై నుంచి కిందికి టకటకా కొట్టుకుంటూ పోయింది. మూడుసార్లు ఎర్రగా వెలిగి బుర్రుమంది, నాలుగోసారి పచ్చగా వెలిగింది, కారు కదిలింది. మొత్తం రెండు సెకన్లు. తప్పు కొట్టినందుకు వాడికి పోయిందేమీ లేదు, అసలు ప్రశ్న చదివాడా అన్నదే నా అనుమానం. "ఏడెనిమిదులెంతరా?" అన్నాను. "ఆగు తాతా, కారు వెళ్లిపోతోంది" అన్నాడు.

ఆ గేమ్‌లో లెక్క అనేది రేసుకు అడ్డంగా కట్టిన టోల్‌గేటు. ఎంత త్వరగా దాటితే అంత మంచిది అని పెద్దవాళ్లమే అనుకుంటాం, పిల్లలు అనుకోరా? కాకరకాయ ముక్కకు బెల్లం పాకం పట్టి ఇస్తే పాకం చప్పరించి ముక్క ఊసేస్తారు, వాళ్ల తప్పేముంది.

లెక్కే ఆట అయితే సంగతి వేరుగా ఉంటుంది. ఇంగ్లండులో హ్యాబ్‌గుడ్, ఐన్స్‌వర్త్ అనే ఇద్దరు ఈ తేడానే పరీక్షించి 2011లో ప్రచురించారు. వాళ్ల గేమ్ పేరు జాంబీ డివిజన్. అస్థిపంజరాలు మీదకొస్తుంటాయి, ఒక్కోదాని ఛాతీ మీద ఒక సంఖ్య. మన దగ్గర కొన్ని ఆయుధాలు, ఒక్కోదానికీ ఒక అంకె. 15 వేసుకొచ్చినదాన్ని రెండు ఆయుధంతో ఎంత బాదినా చావదు, మూడుతోనో అయిదుతోనో కొట్టాలి. అంటే శేషం లేకుండా భాగం పోవాలి, తప్పితే మన ప్రాణానికే ముప్పు. ఇంకో గుంపు పిల్లలకు అదే గేమ్ ఇచ్చి అస్థిపంజరాల మీద సంఖ్యలు తీసేశారు, ఆ భాగహారాలే లెవెల్ చివర్లో క్విజ్‌లా అడిగారు. టైము ఇద్దరికీ సమానమే, అయినా సంఖ్యతోనే కొట్లాడినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు. తర్వాత రెండు రకాలూ ముందు పెట్టి మీ ఇష్టం అంటే, క్విజ్ రకం కంటే దీని మీదే ఏడు రెట్లకు పైగా ఎక్కువసేపు ఆడారు. పిల్లలకు లెక్కంటే పడదని మనం అనుకుంటాం గానీ, వాళ్లకు పడనిది ఆట మధ్యలో ఆపి అడిగే లెక్క.

ఈ రాత్రి మీరు పది నిమిషాలు వాడి పక్కన కూర్చోండి. స్క్రీన్ కాదు, వేలు చూడండి. ఎక్కడన్నా ఆగి, పెదవులు కదిలి, ఆ తర్వాత కొడుతున్నాడా? తప్పయితే ఏమవుతోంది? నాలుగింట్లో ఒకటి ఎంచుకునే గేమ్ కంటే జవాబు తనే టైప్ చేయాల్సింది వెతకండి, ఎందుకంటే 56 కళ్ల ముందు కనిపిస్తే గుర్తుపట్టడం వేరు, మనసులోంచి తియ్యడం వేరు, పరీక్షలో కావాల్సింది రెండోది. ఆ కారు గేమ్ తీసేయక్కర్లేదు. దాన్ని కారు గేమ్ అనుకోండి, ఆటల టైములో ఆడనివ్వండి.

ప్రశ్న: ఇవన్నీ కంపెనీల వ్యాపారం మాస్టారూ. మేం వైకుంఠపాళి, అష్టాచమ్మా ఆడుకుని పెరిగాం. మాకు లెక్కలు రాలేదా? మీలాంటివాళ్లు కూడా వీడియో గేములను వెనకేసుకొస్తే ఎలా? – రిటైర్డ్ వీఆర్వో, తణుకు

జవాబు: వ్యాపారం అన్నమాట కాదననండీ. లెక్కలు వచ్చాయి అన్నదీ కాదనను, ఆ రావడంలో వైకుంఠపాళికి వాటా ఉంది కూడా. ఇది మీ మెప్పు కోసం అంటున్నది కాదు. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనేవాళ్లు 2008లో పేదింటి నాలుగైదేళ్ల పిల్లల చేత ఒక అట్టముక్క ఆట ఆడించారు. వరసగా పది గళ్లు, 1 నుంచి 10 వరకు అంకెలు, తిప్పితే ఒకటో రెండో పడే చక్రం. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట ఇరవై నిమిషాలు, అంతే. ఏది పెద్ద అంకె, ఏది చిన్న, గీత మీద ఆరు ఎక్కడుంటుంది అన్నవి బాగా మెరుగయ్యాయి, తొమ్మిది వారాల తర్వాత అడిగినా నిలిచే ఉన్నాయి. అవే గళ్లలో అంకెలకు బదులు రంగులు పూసి ఆడించిన పిల్లలకు ఆ లాభం రాలేదు. తర్వాత గళ్లను గుండ్రంగా పేర్చి చూశారు, అలా పేర్చినా పెద్దగా ఫలితం లేదు. ముందుకెళ్తే సంఖ్య పెరుగుతుంది, దూరం పెరుగుతుంది, పట్టే టైమూ పెరుగుతుంది అన్నది గీత మీద కాయ జరిపే చేతికి తెలుస్తుంది.

ఇంకో చిన్న రహస్యం ఉంది అందులో. కాయ అయిదులో ఉంది, రెండు పడింది. మామూలుగా పిల్లలు "ఒకటి, రెండు" అంటూ జరుపుతారు. అక్కడ మాత్రం "ఆరు, ఏడు" అని గడిలో ఉన్న అంకె చదువుతూ జరపాలని రూలు పెట్టారు. నేర్పింది ఆ రూలే. మీరు మనవడితో వైకుంఠపాళి వేసేటప్పుడు ఈ రూలు పెట్టి చూడండి. ఇంకా పెద్దవాడైతే, ముప్పై నాలుగులో ఉండి అయిదు పడగానే, "జరపకుండా చెప్పు, పాము మింగుతుందా?" అని అడగండి. అష్టాచమ్మా గళ్లలో అంకెలుండవు కాబట్టి ఈ పని చెయ్యదు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా అని లెక్క ఉన్నా, అందులో నేర్చుకునేది ముందుచూపు, ఏ కాయ జరిపితే ఎవరి కాయ చస్తుంది అన్నది.

వీడియో గేమ్‌ను కూడా నేను ఈ కళ్లతోనే చూస్తాను. అది వేరే జాతి కాదు. దాంట్లో అదనంగా ఉన్నది ఓపిక, ఒకే లెక్క నలభైసార్లు అడిగినా విసుక్కోదు, పిల్లవాడు తడబడితే తేలికది ఇస్తుంది. దాంట్లో లేనిది మీరు.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. అన్నిట్లో బాగానే ఉంది గానీ బీజగణితంలో ఎక్స్ కనబడితే చాలు టెన్షన్, ఏడుపు. ట్యూషన్ పెట్టాను, లాభం లేదు. ఎక్స్ నేర్పే గేమ్ నిజంగా ఏమన్నా ఉందా? నాది కిరాణా కొట్టు, నేను చెప్పలేను. – ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: ఉంది. డ్రాగన్‌బాక్స్ అని, నార్వేలో చేశారు, 2012లో వచ్చింది. నేను మా మనవరాలి ట్యాబ్‌లో ఆడాను. స్క్రీన్ రెండు సగాలుగా ఉంటుంది. రెండు వైపులా బొమ్మల కార్డులు, పురుగులు, చేపలు, ఒకచోట ఒక చిన్న పెట్టె. పెట్టె దాని వైపు ఒంటరిగా మిగిలితే గెలిచినట్టు. ప్రతి బొమ్మకూ ఒక చీకటి రూపం ఉంటుంది, బొమ్మను దాని చీకటి బొమ్మ మీద పెడితే రెండూ కలిసి పచ్చటి సుడి అవుతాయి, దాన్ని ముట్టుకుంటే మాయం. కింద నుంచి ఒక కార్డు తెచ్చి ఒక వైపు వేశారనుకోండి, రెండో వైపు కూడా అదే కార్డు వేసేదాకా గేమ్ కదలనివ్వదు. ఇలా ఆడుతూపోతుంటే బొమ్మల స్థానంలో మెల్లగా అంకెలూ అక్షరాలూ వస్తాయి, ఒకచోట ఆ పెట్టె ఎక్స్‌గా మారుతుంది. అప్పటికి పిల్లకు భయపడే టైము దాటిపోయి ఉంటుంది.

నేను సిగ్గుపడ్డ సంగతి ఒకటి చెప్పాలి. పక్షాంతరం అని, "ప్లస్ అటు పోతే మైనస్ అవుతుంది" అని ముప్పై ఏళ్లు బోర్డు మీద చెప్పాను. ఎందుకవుతుంది అని ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు. నిజానికి ఏదీ అటు పోదు, రెండు వైపులా ఒకే పని చేస్తాం, అంతే. ఆ గేమ్ అయిదేళ్ల పిల్లకు కూడా మాటల్లేకుండా ఆ సంగతి చూపిస్తుంది.

కానీ ఇక్కడే ఒక చిక్కు. రెండో వైపు కార్డు వేయకపోతే గేమ్ ఆపుతుంది, నోటుబుక్కు ఆపదు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్లు ఈ గేమ్‌నూ, సమీకరణాలను అంచెలంచెలుగా చేయించే ఒక మామూలు పాఠం సాఫ్ట్‌వేర్‌నూ పోల్చి చూశారు. పిల్లలకు గేమే ఎక్కువ నచ్చింది, పరీక్షలో మాత్రం సాఫ్ట్‌వేర్‌తో చేసినవాళ్లే ముందున్నారు. అంచేత గేమ్ ఆడాక అయిదు నిమిషాలు కాగితం తప్పదు. ఇప్పుడే గెలిచిన లెవెల్‌ను కాగితం మీద రాయమనండి, ఎక్స్ + 3 = 7 అని, రెండు వైపులా ఏం తీసేశావో ఆ మెట్టు కూడా రాయమనండి.

మీరు చెప్పలేననుకోకండి. కొట్లో పాత తక్కెడ అటక మీద ఉందేమో చూడండి. ఒక పళ్లెంలో ఒక పొట్లం, మూడు వంద గ్రాముల రాళ్లు. రెండో పళ్లెంలో ఏడు రాళ్లు. ముల్లు నిటారుగా నిలబడింది. పొట్లం విప్పకుండా బరువు చెప్పమనండి. మూడు రాళ్లు ఇటు తీస్తే అటు కూడా తీయాలని మీ అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేదు, పుట్టి పెరిగింది కొట్లోనే కదా. తక్కెడ లేకపోతే ఫెట్ అని అమెరికాలో కొలరాడో యూనివర్సిటీవాళ్లు కంప్యూటర్‌లో ఆడించుకోవడానికి చేసిన ఉచిత బొమ్మలున్నాయి, ఫిజిక్స్ నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. అందులో సమీకరణాల తక్కెడ కూడా ఉంది.

ప్రశ్న: మాది ప్రాథమిక పాఠశాల. 38 మంది పిల్లలు, ఊరి దాతలు ఇచ్చిన నాలుగు ట్యాబ్‌లు, నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. లెక్కల పీరియడ్‌లోనే గేములు ఆడించేయమని పైవాళ్లు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. – ఒక టీచర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ మనసు చెప్పింది వినండి టీచర్ గారూ. గుజరాత్‌లో లీ లిండెన్ అనే ఆయన ఇదే ప్రశ్నకు జవాబు వెతికి 2008లో రాశారు. కంప్యూటర్ పాఠం టీచర్ పాఠాన్ని మింగేసినచోట పిల్లలు, మామూలు పాఠమే విన్నవాళ్ల కంటే తక్కువ నేర్చుకున్నారు. బడి వేళ తర్వాత అదనంగా పెట్టినచోట బాగుపడ్డారు. అదే రాష్ట్రంలో వడోదర మున్సిపల్ బడుల్లో నాలుగో తరగతివాళ్లకు వారానికి రెండు గంటలు లెక్కల గేములు ఆడించారు, కంప్యూటర్‌కు ఇద్దరు పిల్లలు. మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఆ ప్రయోగం చేసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, 2019లో మైకేల్ క్రెమర్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నది వీళ్లే. కాకపోతే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది, ఇది కూడా వాళ్లే రాశారు. కాబట్టి వేసవి క్యాంపులో నెల రోజులు ఆడించి వదిలేస్తే మిగిలేది ఫొటోలే.

నాలుగు ట్యాబ్‌లంటే ఇద్దరిద్దరు చొప్పున ఎనిమిది మంది. ఒక్క రూలు పెట్టండి, ట్యాబ్ పట్టుకున్నవాడు మాట్లాడకూడదు, మాట్లాడేవాడు ట్యాబ్ ముట్టుకోకూడదు. అయిదు నిమిషాలకు మార్పు. మొదట గోల గోలగా ఉంటుంది, తర్వాత చూడండి, "అది కాదురా, పద్నాలుగు మూడు భాగాలు ఎట్లా అవుతుంది" లాంటి మాటలు వినబడతాయి. నాకు గేమ్ కంటే ఆ మాటలే ముఖ్యం. నెట్ లేకపోయినా పనిచేసేవి ఉన్నాయి. జీకాంప్రీ అని చిన్నపిల్లల గేముల మూట, 2000 నుంచీ ఉంది, పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు.

ఢిల్లీలో ఒక ప్రయోగం కూడా చెప్పాలి, 2017లో వచ్చింది, ప్రథమ్ సంస్థ నడిపే బాలవాడీ పిల్లలతో. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువ, ఏ ఆకారం తేడాగా ఉంది లాంటి ఆటలు నాలుగు నెలలు ఆడించారు. ఆ చూపు పదునెక్కింది, ఏడాది తర్వాత కూడా ఉంది. కానీ ఒకటో తరగతి లెక్కల్లో తేడా రాలేదు. ఆటలో చూసింది, బోర్డు మీద రాసింది ఒకటేనని పిల్లలకు దానంతట అదే తట్టదు. తట్టేట్టు చేయడం మీ పీరియడ్ పని, అందుకే ఆ పీరియడ్ ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. పాప ఎనిమిదేళ్లది. తెలుగు అక్షరాల గేమ్‌లో అన్ని లెవెళ్లూ అయిపోయాయి, క నుంచి క్ష దాకా టకటకా చెప్తుంది. కానీ పుస్తకంలో "అమ్మ" చదవమంటే "అమ" అంటోంది! – ఒక అమ్మ

జవాబు: ఆ గేమ్‌లో క పక్కన కలం, ఖ పక్కన ఖడ్గం బొమ్మ ఉండే ఉంటుంది. పాప బొమ్మ చూసి చెప్తోంది, బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి అడగండి, తెలిసిపోతుంది. రెండోది, తెలుగు చదవడమంటే అక్షరమాల కాదు తల్లీ, గుణింతమూ ఒత్తులూ. చాలా గేములు వర్ణమాలతో ఆగిపోతాయి, ఎందుకంటే అక్కడిదాకా చేయడం తేలిక. ద, ధ, థ పక్కపక్కన పెట్టి, శబ్దం వినిపించి, ఏదో చెప్పమనే గేమ్ అయితే ఉంచుకోండి. ద పక్కన తప్పు జవాబులుగా ఏనుగు బొమ్మా, బంతి బొమ్మా పెట్టేది అయితే తీసేయండి. గూగుల్‌ది రీడ్ అలాంగ్ అని ఉంది, 2019లో మన దేశంలో బోలో అన్న పేరుతో మొదలైంది, ఇప్పుడు తెలుగు కథలూ ఉన్నాయి. పిల్లలు పైకి చదువుతుంటే ఫోన్ వింటుంది, తడబడితే ఆ మాట పలికి చూపిస్తుంది.

దానికన్నా నాకు నచ్చే దారి ఇంకోటి. ఎనిమిదేళ్లంటే స్క్రాచ్ నేర్చుకునే వయసు. ఎంఐటీవాళ్లు 2007లో పెట్టారు, రంగురంగుల ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే ప్రోగ్రామ్ అయిపోతుంది, ఉచితం. పాపనే గేమ్ చేయమనండి. ఇండియాలో ఉన్న అమ్మమ్మ చేత ఫోన్లో పలికించి రికార్డు చేసుకోండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ. గమనించారా, మన చుట్టరికాల్లో ఇన్నిటికి తన ఒత్తే తన కింద ఉంది. గొంతు వినబడగానే సరైన మాట ముట్టుకోవాలి. "అమ్మ" పక్కన తప్పు జవాబుగా ఏం పెట్టాలని పాప ఆలోచిస్తుంది చూడండి, "అమ" అని పెడుతుంది. అది పెట్టిన రోజున ఇక మీరు ఒత్తు గురించి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మూడేళ్ల పాపకు రోజుకు ఎంతసేపు ఇవ్వొచ్చు? – కర్నూలు

జవాబు: మూడు, నాలుగేళ్లవాళ్లకు గంటకు మించొద్దని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చదువు గేమ్ అయినా అదే గంటలోకి వస్తుంది. మీరు పక్కన కూర్చోగలిగినంతసేపే ఇవ్వండి, గంట మీకే ఎక్కువవుతుంది.

ప్రశ్న: "ఎడ్యుకేషనల్" అని రాసి ఉందని ఇచ్చాను. మావాడు అందులో వజ్రాలు కొని రూ.2,300 ఖర్చు పెట్టాడు. – నిజామాబాద్

జవాబు: ముందు స్టోర్‌లో రిఫండ్‌కు పెట్టండి, ఆలస్యం చేయకుండా. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేట్టు సెట్టింగ్ మార్చండి, పిల్లవాడి చేతికిచ్చే ఫోన్లో కార్డు వివరాలు ఉంచకండి. డబ్బు పందెం గేములు వేరే సంగతి, వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో చట్టం చేసి ఆపాయి. మీకు జరిగింది పందెం కాదు, దుకాణం. బోర్డు మీద "ఎడ్యుకేషనల్" అన్న మాట ఎవరైనా రాసుకోవచ్చు. కొంటే తప్ప ముందుకు పోనివ్వని గేమ్‌ను తీసిపారేయండి, వాడు ఒకరోజు అలుగుతాడు.

ప్రశ్న: మాస్టారూ, మీరు ఏ గేమ్ ఆడతారు? – అయిదో తరగతి, నల్గొండ

జవాబు: ఫోల్డిట్ నాన్నా. వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు 2008లో పెట్టారు. తాడు చుట్టల్లాంటి ప్రోటీన్లు ఇస్తారు, వాటిని ఇరుకు లేకుండా, ఖాళీలు లేకుండా మడతపెట్టాలి. ఎంత బాగా మడిస్తే అన్ని పాయింట్లు. కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఒక వైరస్ ఎంజైము ఆకారం శాస్త్రవేత్తలకు ఏళ్ల తరబడి అంతుపట్టలేదు, 2011లో ఈ గేమ్ ఆడేవాళ్లు మూడు వారాల్లో తేల్చారు. నేను మాత్రం ఇంకా నేర్పించే లెవెళ్లలోనే ఉన్నా. మా మనవరాలు నన్ను దాటిపోయి పదిహేను రోజులైంది.